సాంచెల ఊళ్లో చెవి హోరు: శబ్దంతో వైద్యం ఎంతవరకు?

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వైపు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే మనవాళ్లను చెవుల సంగతి అడిగితే తరచూ వినిపించే మాట ఇది: కార్ఖానాలో ఉన్నంతసేపు ఏమీ ఉండదు, ఇంటికొచ్చి పడుకున్నాకే చెవుల్లో గుయ్యిమంటుంది. పన్నెండు గంటల షిఫ్టులో చెవులు పగలగొట్టిన రొద, తాను తెచ్చిపెట్టిన జబ్బును తానే కప్పి ఉంచుతుంది. రొద ఆగగానే లోపలి హోరు బయటపడుతుంది. శబ్దంతో చెవి హోరును అదుపు చేయవచ్చన్న వైద్యమంతా ఈ అనుభవం మీదే నిలబడింది. ఆ వైద్యం నిజంగా పనిచేస్తుందా? చేస్తే ఎవరికి, ఎంతవరకు, ఎంత ఖర్చుతో? గత యాభై ఏళ్ల పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే దొరికే జవాబు, హోరును మాయం చేస్తామని యంత్రాలు అమ్మేవాళ్లకు నచ్చదు. దీనికి మందు లేదు, అలవాటు చేసుకో అని రెండు ముక్కల్లో పంపేసే డాక్టరుకూ నచ్చదు.

బయట ఎక్కడా లేని శబ్దం మనిషికి వినిపించడమే టిన్నిటస్. కొందరికి కీచురాళ్ల రొద, కొందరికి ఈల, కొందరికి ప్రెషర్ కుక్కర్ ఆవిరి చప్పుడు. నెలల తరబడి వదలకపోతే దాన్ని దీర్ఘకాలికం అంటారు. 2022లో జామా న్యూరాలజీ పత్రికలో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు 14 శాతం మందికి, అంటే 74 కోట్ల మందికి పైగా, ఇది ఏదో ఒక మోతాదులో ఉంది. తీవ్రంగా బాధపడేవాళ్లు 12 కోట్ల పైచిలుకు. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని గమనించాలి. హోరు వినిపించేవాళ్లలో అత్యధికులు దాంతో పెద్ద ఇబ్బంది లేకుండానే బతికేస్తున్నారు.

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వినికిడి బాగానే ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కాసేపు కూర్చోబెట్టి, ఏం వినిపించిందని అడిగారు. నూటికి 94 మంది ఏదో ఒక హోరు విన్నామన్నారు. అంటే పూర్తి నిశ్శబ్దంలో ఆరోగ్యవంతుడి చెవి కూడా నిశ్శబ్దంగా ఉండదు. ఇంకో సంగతి. హోరుతో నిద్ర లేక అల్లాడే రోగికి రకరకాల శబ్దాలు వినిపించి, నీ లోపలి చప్పుడు వీటిలో ఎంత గట్టిదో చెప్పమంటే, చాలామంది చూపించేది తమ వినికిడి హద్దుకు 5, 10 డెసిబెళ్లు మాత్రమే పైన ఉండే శబ్దాన్ని. గుసగుస పాటి చప్పుడది. అంత చిన్న చప్పుడు అంత పెద్ద బాధ ఎలా అయింది? శబ్ద చికిత్సలన్నీ తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. తగ్గించవలసింది చప్పుడునా, బాధనా అన్న చోటే వైద్యుల దారులు వేరయ్యాయి.

చప్పుడు ఎక్కడ పుడుతుందన్న దాని మీద ఇప్పుడు పెద్దగా తగాదా లేదు. లోపలి చెవిలో నత్త గుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సన్నని కేశకణాలుంటాయి. శబ్ద తరంగాన్ని నాడీ సంకేతంగా మార్చేవి అవే. పెద్ద రొదకు మొదట దెబ్బతినేవి హెచ్చు స్థాయి శబ్దాలను పట్టే కణాలు. అందుకే రొద వల్ల వచ్చే చెవుడు, వినికిడి కొలిచే ఆడియోగ్రామ్‌లో 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కనిపిస్తుంది. చచ్చిన కేశకణం మనిషిలో మళ్లీ మొలవదు. అక్కడి నుంచి సంకేతాలు రావడం తగ్గేసరికి, స్టేషన్ అందని రేడియోకి వాల్యూమ్ పెంచినట్టు, మెదడు తన లోపలి వాల్యూమ్ పెంచుకుంటుంది. పెరిగేది పాట కాదు, బరబర. రోగికి వినిపించే హోరు స్థాయి సాధారణంగా అతని వినికిడి పోయిన చోటే ఉండడం ఈ వివరణకు బలమైన ఆధారం. చెవి నరాన్ని కోసేసినా చాలామందిలో హోరు పోకపోవడం మరో ఆధారం. జబ్బు మొదలైంది చెవిలోనే అయినా, కాపురం పెట్టింది మెదడులో.

ఇక సూరత్. సింథటిక్ బట్టకు దేశంలోకెల్లా పెద్ద ఊరు. ఇక్కడ మరమగ్గాలు ఆరు లక్షలకు పైనే ఉన్నాయని పరిశ్రమ వర్గాలు చెబుతాయి. వాటిని నడిపేవాళ్లలో ఎక్కువమంది ఒడిశాలోని గంజాం జిల్లావాళ్లు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కిందటే వచ్చి స్థిరపడ్డ పద్మశాలీలూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేటంత జనం. సిరిసిల్లలోనూ సూరత్‌లోనూ మరమగ్గాన్ని సాంచె అనే అంటారు. ఇటీవల వాటర్‌జెట్, రేపియర్ యంత్రాలు పెరిగినా పాత షటిల్ సాంచెలు ఇంకా లక్షల్లో ఆడుతున్నాయి. నాడె ఈ కొస నుంచి ఆ కొసకు నిమిషానికి వందకు పైగా సార్లు దెబ్బ తింటుంది. అలాంటివి పదులకొద్దీ ఒకే రేకుల షెడ్డులో ఆడితే రొద 95 నుంచి 100 డెసిబెళ్ల దాకా, కొన్నిచోట్ల ఆపైకి పోతుంది. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే సైగలే గతి.

వంద డెసిబెళ్లలో ఎంతసేపు ఉండొచ్చు? అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెళ్లకు 8 గంటలు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్లలో పావుగంటకు మించి ఉండకూడదు. మన మోడల్ ఫ్యాక్టరీ నిబంధనలు ఇంకాస్త ఉదారం. 90 డెసిబెళ్లకు 8 గంటలు, 100కు 2 గంటలు. పన్నెండు గంటల షిఫ్టును ఈ రెండు కొలబద్దల మీద పెడితే, మన నిబంధన ప్రకారం మోతాదుకు 6 రెట్లు, నియోష్ ప్రకారం 48 రెట్లు. ఏ కొలబద్ద సరైనదని వాదించుకోవడం తర్వాతి మాట. రెండింటిలోనూ మనవాడు మునిగే ఉన్నాడు.

చట్టం ఉంది. రొద వల్ల వచ్చే వినికిడి లోపాన్ని ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చారు. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ కూడా దాన్ని కొనసాగించింది. కార్మికుల నష్టపరిహార చట్టంలోనూ దాన్ని వృత్తి వ్యాధిగానే చేర్చారు. అయితే సూరత్ సాంచెల షెడ్లలో చాలా వాటిని ఫ్యాక్టరీలుగా కాక దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు చేయించుకోవడం ఇక్కడి ఆనవాయితీ. దుకాణంలో రొద కొలిచే ఇన్‌స్పెక్టరు ఎందుకుంటాడు? అందుకే ఈ ఊళ్లో చెవి హోరు ఎవరి లెక్కలోనూ లేదు. దీపావళికి సాంచెలు బంద్ అయి, ఊరికెళ్లి నాలుగు రోజులు నిశ్శబ్దంలో పడుకున్నాకే ఆ కార్మికుడి లెక్కలోకి కూడా వస్తుంది.

శబ్దంతో హోరును కప్పవచ్చన్న ఊహ చాలా పాతది. అరిస్టాటిల్ పేరు మీద చెలామణీలో ఉన్న ప్రాచీన గ్రీకు ప్రశ్నల సంపుటిలోనే, చెవిలో మోత బయటి చప్పుడుకు ఎందుకు ఆగిపోతుందన్న ప్రశ్న ఉంది. మన సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం 28 చెవి రోగాలు చెబుతూ కర్ణనాదాన్నీ, కర్ణక్ష్వేడాన్నీ వేరువేరుగా లెక్కపెట్టింది. చికిత్స మాత్రం శబ్దంతో కాదు, తైలాలతో. రోగికి శబ్దాన్నే మందుగా రాసిచ్చినవాడు ఫ్రెంచి వైద్యుడు ఇటార్. 1821లో అచ్చయిన తన గ్రంథంలో, రోగి హోరు ఏ తీరుగా ఉందో చూసి దానికి దగ్గరి చప్పుడును గదిలో ఏర్పాటు చేయమన్నాడు. బుసబుసమనే హోరుకు పచ్చి కట్టెల మంట, మరో రకానికి రాగి పళ్లెంలో పడే నీటి ధార. రెండు వందల ఏళ్ల తర్వాత ఇవాళ ఫోన్ యాప్‌లో వాన చప్పుడు పెట్టుకునేవాడు చేస్తున్నది అచ్చంగా ఇదే. యాప్ కంపెనీలు దీన్ని కొత్త ఆవిష్కరణ అన్నప్పుడు నాకు ఇటార్ మీద జాలేస్తుంది.

ఆధునిక కథ 1970ల్లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైంది. చార్లెస్ యూనిస్ అనే డాక్టరుకు తీవ్రమైన హోరు ఉండేది. జాక్ వెర్నన్ అనే శాస్త్రవేత్తను కలవడానికి వచ్చి, ఆ ఊళ్లో ఒక ఫౌంటెన్ పక్కన నిలబడితే, నీటి హోరులో తన చెవి హోరు వినిపించడం మానేసింది. వెర్నన్ దాన్ని పట్టుకుని, వినికిడి యంత్రంలా చెవికి తగిలించుకునే మాస్కర్ పరికరాలను ప్రచారంలోకి తెచ్చాడు. పెట్టుకున్నప్పుడు ఎందరికో ఊరట దొరికింది. కొందరికి తీసేశాక కూడా కొన్ని క్షణాలో, నిమిషాలో హోరు ఆగేది. కానీ ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. లోపలి చప్పుడును పూర్తిగా కప్పాలంటే బయటి చప్పుడు దానికంటే గట్టిగా ఉండాలి. ఒక రొద వదిలించుకోవడానికి రోజంతా ఇంకో రొద మోయాలి.

1990లో పావెల్ జాస్ట్రెబాఫ్ ఆ ఆలోచననే తిరగేశాడు. పోలండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఈ శాస్త్రవేత్త అన్నదేమిటంటే, బాధ వినికిడి నాడుల్లో లేదు, ఆ చప్పుడును ప్రమాద సంకేతంగా పట్టుకున్న భావోద్వేగ వ్యవస్థలో ఉంది. కాబట్టి హోరును కప్పకూడదు. కప్పేస్తే మెదడు దానికి అలవాటు పడే అవకాశమే ఉండదు. హోరు కొద్దిగా వినిపిస్తూనే, దానితో కలిసిపోయేంత మెల్లని శబ్దాన్ని చెవి పక్కన ఉంచి, అది ప్రమాదకరం కాదని కౌన్సెలింగ్‌లో పదేపదే వివరిస్తే, ఏడాదీ ఏడాదిన్నరలో మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. లండన్‌లోని జొనాథన్ హేజెల్‌తో కలిసి రూపొందించిన ఈ పద్ధతికి టిన్నిటస్ రీట్రెయినింగ్ థెరపీ అని పేరు. ఆ తర్వాతి పాతికేళ్లు ప్రపంచమంతా దీని రాజ్యమే. మన దేశంలో పెద్ద నగరాల ఆడియాలజీ క్లినిక్కుల బోర్డుల మీద కనిపించేదీ ఈ పేరే.

సిద్ధాంతం అందంగా ఉంది. పరీక్షలో ఏమైంది?

2018లో కోక్రేన్ సంస్థ శబ్ద చికిత్స మీద వచ్చిన ప్రయోగాలను జల్లెడ పట్టింది. నిలబడినవి 8 అధ్యయనాలు, మొత్తం 590 మంది రోగులు. యాభై ఏళ్లుగా కోట్లాది రూపాయల పరికరాలు అమ్ముడుపోయిన రంగంలో చేతికొచ్చిన ఆధారం ఇంతే. ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్నవాళ్లతోనో, ఉత్తుత్తి పరికరం పెట్టుకున్నవాళ్లతోనో పోల్చి శబ్ద పరికరం మెరుగని చెప్పడానికి ఆధారం దొరకలేదు. వినికిడి యంత్రం గొప్పదా, శబ్ద జనకం గొప్పదా, రెండూ కలిసినది గొప్పదా అంటే అదీ తేలలేదు. పరికరం పెట్టుకున్న ప్రతి గుంపులోనూ చాలామందికి బాధ తగ్గింది. తగ్గినదంతా పరికరం వల్లేనని చెప్పలేకపోయారు.

ఏడాది తర్వాత, 2019లో, జాస్ట్రెబాఫ్ పద్ధతికి అసలైన పరీక్ష ఫలితం వచ్చింది. అమెరికా సైనిక ఆసుపత్రుల్లో 151 మందిని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు పూర్తి రీట్రెయినింగ్. రెండో జట్టుకు అదే కౌన్సెలింగ్, కానీ పరికరం నకిలీ. చెవికి పెట్టుకున్నాక మొదట చప్పుడు చేసి, మెల్లగా తగ్గి నిశ్శబ్దమైపోతుంది. మూడో జట్టుకు అక్కడ మామూలుగా ఇచ్చే సలహా, వైద్యం. ఏడాదిన్నర తర్వాత చూస్తే మూడు జట్లూ బాగుపడ్డాయి. ప్రతి జట్టులోనూ దాదాపు సగం మందికి చెప్పుకోదగ్గ ఊరట. జట్ల మధ్య తేడా మాత్రం లేదు.

ఈ ఫలితాన్ని శబ్ద చికిత్స వట్టి బూటకమనే తీర్పుగా చదివేవాళ్లున్నారు. నేనలా చదవను. శ్రద్ధగా విని, కొలిచి, వివరించి, ఏడాదిన్నర పాటు మధ్యమధ్య పలకరించిన మనిషి ఉంటే రోగుల్లో సగం మంది బాగుపడతారని అది చెబుతోంది. మందు పరికరంలో కంటే ఆ మాటలో ఎక్కువగా ఉంది. ధర మాత్రం పరికరానికే కడుతున్నాం.

కొత్త పద్ధతుల జాతకమూ ఇంచుమించు ఇదే. జర్మనీలోని మ్యూన్‌స్టర్ బృందం, రోగికి ఇష్టమైన సంగీతంలోంచి అతని హోరు స్థాయి దగ్గరి స్వరాలను తొలగించి వినిపించింది. 2010లో తొలి ఫలితాలు ఆశ పుట్టించాయి. 2016లో 100 మందితో చేసిన పకడ్బందీ పరీక్షలో ప్రధాన కొలతలో తేడా కనిపించలేదు. వైడెక్స్ కంపెనీ జెన్ పేరుతో ఎప్పటికీ అచ్చంగా తిరిగిరాని గంటల స్వరాలు వినిపించే వినికిడి యంత్రాలు తెచ్చింది. వినడానికి హాయిగా ఉంటాయి, అంతవరకు సరే. మన దగ్గర భ్రామరీ ప్రాణాయామాన్ని హోరుకు వాడి చూసినవాళ్లున్నారు. తుమ్మెద నాదమూ శబ్దమే, పైసా ఖర్చు లేదు, నష్టమూ లేదు. దాని మీద బలమైన పరీక్ష మాత్రం లేదు.

వీటన్నిటిలో ఇప్పుడు ఎక్కువగా వార్తల్లో ఉన్నది లెనైర్. డబ్లిన్‌లో తయారైన ఈ పరికరం చెవులకు శబ్దాలు వినిపిస్తూ, అదే సమయంలో నాలుక మీద చిన్న విద్యుత్ ప్రేరణలిస్తుంది. 2020లో 326 మంది మీద చేసిన అధ్యయనంలో మంచి ఫలితాలొచ్చాయి. అయితే అందులో ఉత్తుత్తి చికిత్స పొందిన జట్టు లేదు. ఆ లోటు పూడ్చడానికి 112 మందికి మొదట 6 వారాలు శబ్దం మాత్రమే ఇచ్చి, తర్వాత 6 వారాలు నాలుక ప్రేరణ జతచేశారు. ఒక మోస్తరు లేదా అంతకంటే ఎక్కువ బాధ ఉన్నవాళ్లలో శబ్దం ఒక్కదానికి 43 శాతం మందికి గుణం కనిపిస్తే, జతచేశాక 58 శాతం పైన కనిపించింది. దీని ఆధారంగా 2023 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. ఈ పరీక్షలో కూడా శబ్దం ఒక్కటే గట్టెక్కించలేకపోయింది. పరికరం ధర అక్కడ నాలుగు వేల డాలర్ల పైనే. రోజుకింత అని కూలి లెక్కేసుకునే సాంచె కార్మికుడికి ఈ పేరా అక్కర్లేదు. ఇంటర్నెట్‌లో చూసి అప్పు చేసైనా తెప్పించుకుందామనుకునే మధ్యతరగతి కుటుంబాలకు అక్కరకొస్తుందని రాశాను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 2025లో వెలువడిన యూరప్ అధ్యయనం, యునిటి. అయిదు నగరాల క్లినిక్కుల్లో 461 మందికి నాలుగు చికిత్సలను విడివిడిగానూ, రెండేసి కలిపీ 12 వారాలు ఇచ్చారు. వినికిడి యంత్రం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మానసిక చికిత్స, పద్ధతి ప్రకారం చేసే కౌన్సెలింగ్, ఫోన్ యాప్‌తో శబ్ద చికిత్స. మొత్తం మీద కలిపి ఇచ్చినప్పుడు ఫలితం మెరుగ్గా ఉంది. విడిగా చూస్తే అన్నిటికంటే బలహీనంగా తేలింది శబ్ద చికిత్సే. మిగతావాటితో జతపడ్డప్పుడు అది నిలదొక్కుకుంది. వినికిడి యంత్రం, మానసిక చికిత్స ఒంటరిగానే గట్టిగా నిలబడ్డాయి.

వైద్య సంఘాల మార్గదర్శకాలు కూడా మాటల తేడాతో ఇదే చెబుతున్నాయి. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల 2014 మార్గదర్శకం వినికిడి లోపం ఉంటే యంత్రం పెట్టి చూడమంటుంది, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని సిఫారసు చేస్తుంది, శబ్ద చికిత్సను ఇష్టమైతే ఇవ్వొచ్చన్న స్థాయిలో ఉంచుతుంది. జింకో బిళ్లలు, జింకు, మెలటోనిన్ వద్దని తేల్చేసింది. బ్రిటన్‌లోని నైస్ 2020లో శబ్ద చికిత్స మీద తీర్పు చెప్పకుండా, ముందు పరిశోధన జరగనివ్వండంది. మానసిక చికిత్స వైపు ఆధారం మాత్రం గట్టిది. 2020 నాటి కోక్రేన్ సమీక్షలో 28 అధ్యయనాలు, 2,733 మంది. అది హోరు గట్టితనాన్ని తగ్గించదు. హోరు జీవితాన్ని ఆక్రమించడాన్ని తగ్గిస్తుంది.

వైట్ నాయిస్ వల్ల నష్టం ఉంటుందా అన్న ప్రశ్న 2018లో లేచింది. అర్థం లేని రొదను ఏకధాటిగా వింటే వినికిడి మెదడులోని అమరిక చెడుతుందని, జంతువుల మీది ప్రయోగాలు చూపించి కాలిఫోర్నియాకు చెందిన ముగ్గురు పరిశోధకులు హెచ్చరించారు. మనుషుల్లో అలాంటి హాని రుజువు కాలేదు. అయినా రాత్రి పడుకునేటప్పుడు మెల్లగా పెట్టుకునే చప్పుడుకూ, రోజంతా ఇయర్‌ఫోన్లలో గట్టిగా వినే రొదకూ తేడా ఉందని గుర్తుంచుకుంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు. షిఫ్టులో 48 రెట్ల మోతాదు మింగినవాడు హోరును కప్పడానికి ఇయర్‌ఫోన్లో పాటలు హోరెత్తించడం పుండు మీద కారం.

మరి సూరత్‌లో హోరుతో బాధపడే మనిషికి వీటిలో ఏది దక్కుతుంది? వినికిడి యంత్రం నుంచే మొదలుపెడదాం. వినికిడి తగ్గి హోరు వచ్చినవాళ్లకు శబ్ద చికిత్సల్లోకెల్లా అర్థవంతమైనది అదే. పోయిన చోట బయటి శబ్దాలను పెంచి ఇస్తుంది, మెదడుకు కరువైన సంకేతాలు కొంతైనా అందుతాయి, పక్కవాడి మాట కూడా వినిపిస్తుంది. కానీ ఉచితంగా దొరకాలంటే కేంద్రం ఏడిప్ పథకం ఉంది, దానికి 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ కావాలి. 2016 దివ్యాంగుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల స్థాయిలో 60 డెసిబెళ్ల లోపం ఉంటేనే వినికిడి లోపం కింద లెక్క. సాంచె రొద ముందు తినేసేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. మాటల స్థాయిలో సగటు ఇంకా మెరుగ్గానే కనిపిస్తుంది. హోరుకైతే అసలు శాతమే లేదు. ఇరవై ఏళ్లు సాంచెలు నడిపి, రాత్రిళ్లు నిద్ర లేక, పిల్లల మాట సరిగా వినిపించక అల్లాడేవాడు ప్రభుత్వ లెక్కలో పూర్తి ఆరోగ్యవంతుడు. 2007లో మొదలైన జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమం రొద వల్ల వచ్చే చెవుడును తన లక్ష్యాల్లో చెప్పుకుంది. అది ఈ షెడ్ల దాకా రావాలి.

మానసిక చికిత్స సంగతి ఇంకా కష్టం. అది మాటతో చేసే వైద్యం. గుజరాతీలోనో ఇంగ్లిష్‌లోనో చేస్తే సిరిసిల్ల నుంచి వచ్చిన మనిషికి ఎంత ఎక్కుతుంది? హోరు ఎంత బాధిస్తోందో కొలవడానికి 1996 నుంచి వాడుకలో ఉన్న 25 ప్రశ్నల పత్రం ఉంది. నిస్పృహగా ఉంటుందా, కుటుంబం మీద చికాకు పడతావా, దీన్నుంచి తప్పించుకోలేననిపిస్తుందా అని అడుగుతుంది. ఇవి ఇంటి భాషలో అడగవలసిన ప్రశ్నలు. నా మటుకు నాకు లింబాయత్‌లాంటి చోట లక్ష రూపాయల పరికరం కంటే, తెలుగు, ఒడియా, హిందీ వచ్చిన ఒక ఆడియాలజిస్టు వారానికి ఒక పూట కూర్చోవడమే ఎక్కువ పని చేస్తుందనిపిస్తుంది. సైనిక ఆసుపత్రుల పరీక్ష నుంచి నేను తీసుకున్న పాఠం అది.

ఈలోగా ఇంట్లో చేసుకోగలిగింది ఉంది, దానికి డబ్బక్కర్లేదు. పడుకునే గదిలో పూర్తి నిశ్శబ్దం లేకుండా చూసుకోవాలి. ఫ్యాను చప్పుడు, కూలరు, ఫోన్ స్పీకర్లో వాన శబ్దం, ఏదైనా సరే. చెవిలో పెట్టుకోకుండా మంచం పక్కన ఉంచాలి. హోరు పూర్తిగా మునిగిపోయేంత పెంచకూడదు, దాని అంచు కాస్త మెత్తబడేంత ఉంటే చాలు. ఈ మోతాదు మాట జాస్ట్రెబాఫ్‌దే. సిద్ధాంతం పరీక్షలో నెగ్గకపోయినా ఈ సలహా నిద్రకు మంచిదే. రీసౌండ్ రిలీఫ్ లాంటి యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. డబ్బు కట్టి కొనేదాంట్లో ఉండే శబ్దాలు వీటికంటే మెరుగని రుజువేమీ లేదు. మరిగించిన వెల్లుల్లి నూనె చెవిలో పోయడం మాత్రం మానాలి. కర్ణభేరికి చిల్లు ఉంటే అది లోపలికి పోయి ఉన్న వినికిడిని కూడా చెడగొడుతుంది.

ఇంకా సాంచెల మీదే ఉన్నవాళ్లకు శబ్ద చికిత్స గురించి చెప్పడం కంటే ఇయర్ ప్లగ్గుల గురించి చెప్పడం ముఖ్యం. దూది ముక్కలు పెద్దగా ఆపవు. నురుగు ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బే వరకు పట్టుకోవాలి. అలా పెడితే 10 నుంచి 20 డెసిబెళ్లు తగ్గుతాయి. నియోష్ లెక్కలో 10 డెసిబెళ్లు తగ్గడమంటే మోతాదు పదో వంతు కావడం. ఏ శబ్ద చికిత్సా ఇంత స్పష్టమైన లాభం చూపలేదు. వాటిని కొనివ్వవలసింది సేటు, పెట్టుకునే అలవాటు చేయవలసింది కార్మిక సంఘాలూ కుల సంఘాలూ. పెళ్లిళ్లకూ వనభోజనాలకూ చందాలు వసూలు చేసే పద్మశాలి సంఘాలు ఏడాదికొకసారి ఆడియోమెట్రీ శిబిరం పెట్టించలేకపోవు.

యంత్రం కొనే ముందు ఆడియోగ్రామ్ తీయించుకోండి. సూరత్‌లో న్యూ సివిల్ ఆసుపత్రి, స్మిమేర్ ఈఎన్‌టీ విభాగాలున్నాయి. ఊరికి వెళ్లినప్పుడైతే హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. కొందరి హోరు గులిమి తీయగానే పోతుంది. కొందరిది వాడుతున్న మందుల వల్ల వచ్చినదై ఉంటుంది, ముఖ్యంగా టీబీకి ఇచ్చే అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె చప్పుడుతో పాటు కొట్టుకుంటున్నా, తల తిరుగుడు తోడైనా స్కానింగ్ అవసరమేమో డాక్టరును అడగండి. రాత్రికి రాత్రి ఒక చెవి వినిపించడం మానేసి హోరు మొదలైతే షిఫ్టు అయ్యాక చూద్దామనుకోవద్దు. స్టెరాయిడ్ మందు పనిచేసేది తొలి రోజుల్లోనే, రెండు వారాలు దాటితే ఆశ సన్నగిల్లుతుంది. ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి.